దేవుడికి పరుగు మొక్కిన వదిన

మా వదిన పోయింది. శ్రావణమాసం చివర్లో జ్వరం వచ్చింది. గోళీలు మింగి దుకాణంలోనే కూర్చుంది. తగ్గిందని తనే చెప్పింది, మళ్ళీ వచ్చిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. చివరికి గల్లాపెట్టె మీద తల వాల్చేస్తే మా అన్న ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయాడు. డెంగీ అన్నారు, ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు. రక్తం ఇచ్చేవాళ్ళ కోసం మేమంతా ఫోన్లు పట్టుకుని తిరుగుతుండగానే అయిపోయింది. నేను అప్పుడు రాజేంద్రనగర్‌లో పాఠాలు చెప్పే బడి గేటు దగ్గర ఉన్నాను. అన్న నంబరు నుంచి ఫోను వచ్చింది గానీ అన్న గొంతు వినబడలేదు. మా స్నేహితురాలు షాహీన్ ఫోను తీసుకుని, "అక్క లేదు. నువ్వు రా" అంది.

ఆ రోజు నుంచి నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వస్తోంది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు చల్లగా, నిదానంగా రాయాలని నాకూ తెలుసు. నాకు చేతకావడం లేదు. చదివేవారు కాస్త సర్దుకోవాలి.

ముందు ఆ కోపం సంగతి చెప్పి తరువాత వదిన దగ్గరికి వస్తాను. శవం ఇంకా వాకిట్లో ఉండగానే నాకు పెద్దమ్మ వరస అయ్యే ఒకావిడ నా పక్కన చేరి మెల్లగా అంది.

"ఉరికి ఉరికి పానం మీదికి తెచ్చుకున్నది. కడుపుల సల్ల కదలకుండ ఇంట్ల కూసుంటె గిట్లయ్యేదా?"

"జ్వరమొచ్చి పోయింది పెద్దమ్మా. దోమ కుట్టింది," అన్నాను.

"ఆ దోమ గూడ ఉరికేటప్పుడే కుట్టి ఉంటది," అంది ఆవిడ.

ఇలాంటివాళ్ళతో ఏం వాదిస్తాం? కానీ ఆ మాట ఆవిడ ఒక్కతే అనలేదు. వచ్చినవాళ్ళలో సగం మంది అదే అన్నారు. ఆరేళ్ళుగా షుగరును అదుపులో పెట్టుకున్న మనిషి, ఒక్కనాడూ మోకాలు నొప్పి అనని మనిషి, మా అందరికంటే చురుగ్గా తిరిగిన మనిషి దోమకాటుకు పోతే, నింద మాత్రం పరుగు మీద పడింది. అందుకే ఈ పరుగు సంగతి మొదటి నుంచీ చెప్పాలనుకున్నాను.

మా వదిన తల్లిగారిల్లు మంఖాల్. వాళ్ళమ్మకు షుగరు ఉండేది. పొలంలో కాలికి ముల్లు గుచ్చుకుంటే పట్టించుకోలేదు. ముందు వేళ్ళు తీసేశారు, తరువాత పాదం, ఆ తరువాత మోకాలి దాకా. ఆమెను ఎత్తి కూర్చోబెట్టడం, పడుకోబెట్టడం అన్నీ వదినే చేసింది. వారంలో సగం రోజులు మంఖాల్‌లో, సగం రోజులు శంషాబాద్‌లో, తన కిరాణా దుకాణంలో. తల్లి పోయిన మరుసటి ఏడు, ఇక్కడ విమానాలు దిగడం మొదలైన ఆ ఏడే, వదినకూ షుగరు బయటపడింది. డాక్టరు రోజూ నడవమన్నాడు. వదిన ఆయన రాసిచ్చిన కాగితం సంచిలో పెట్టుకుని ఇంటికి రాలేదు. నేరుగా బస్సెక్కి గుట్టకు పోయింది, నర్సింహస్వామి దగ్గరికి.

అక్కడ ఏం మొక్కుకుందో చాలా రోజులకు గానీ నాకు చెప్పలేదు. "సామీ, మా అమ్మకు అయింది నాకు కానియ్యకు, నా కాళ్ళు నాకు ఉంచు అన్న. నువ్వు ఎంత ఎత్తుకు రమ్మంటె అంత ఎత్తుకొచ్చి ఈ కాళ్ళతోని ఉరుకుత అన్న."

"నడుస్త అని మొక్కితె సరిపోయేది గద వదినా? ఉరుకుడెందుకు?"

"నడుస్త అని అందరు మొక్కుతరు పిల్లా. ఎవరు నడిచిన్రో, ఎవరు నడవలేదో దేవునికి ఏం యాది ఉంటది? ఉరికితె యాది ఉంటది."

నాకు ఆ రోజే అర్థం కావలసింది, ఈమెతో గెలవలేనని.

మొదట్లో నడిచింది. తరువాత నన్ను పట్టుకుపోయింది. తరువాత మా గల్లీలో బట్టలు కుట్టే షాహీన్, దారం కోసం దుకాణానికి వచ్చి ఇరుక్కుపోయింది. గగన్‌పహాడ్ నుంచి మా గల్లీకి కొత్తగా వచ్చిందామె, తోడు కావాలనుకుంటున్న రోజులు. అలా ముగ్గురమయ్యాం. తెల్లవారుతుండగా ఔటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీసు రోడ్డు మీద ఉరికేవాళ్ళం. మా అన్నకు గగన్‌పహాడ్‌లో టైర్ల దుకాణం ఉంది. గడప మీద కూర్చుని పళ్ళు తోముకుంటూ రోజూ అదే మాట అనేవాడు. "ఏడికి ఉరుకుతున్నరు, ఎవరన్న తరుముతున్నరా?" కొన్ని ఏళ్ళ పాటు అదే మాట, అదే నవ్వు. వదిన బూట్లు తొడుక్కుని బయటపడేది. నాకైతే ఆయన పక్కనున్న చెంబు నీళ్ళు తీసి ఆయన నెత్తి మీద కుమ్మరించాలనిపించేది.

వదినతో ఉరకడం అంటే ఎంత విసుగో మీకు చెప్పాలి. మా దారిలో ఒక పోచమ్మ, ఒక కట్ట మైసమ్మ, ఒక హనుమంతుడు ఉన్నారు. ప్రతి గుడి దగ్గరా ఆగేది. ఆగి దండం పెట్టుకుంటే బాగానే ఉండేది. లేసులు విప్పి, బూట్లు తీసి, సాక్సులు తీసి, వట్టి కాళ్ళతో నిలబడి దండం పెట్టి, మళ్ళీ సాక్సులు, బూట్లు, లేసులు. అంతసేపూ నేను ఉన్నచోటనే గంతులేస్తూ ఉండేదాన్ని. ఒళ్ళు చల్లబడిపోయేది.

"వదినా, ఉరుక్కుంట దండం పెట్టరాదా? దేవత ఏమన్న అనుకుంటదా?"

"చెప్పులేసుకుని దండం పెడితె అది దండమా? నువ్వు పో ముంగటికి. పోయి ఏం జేస్తవ్, మళ్ళ నా కోసమే నిలబడాలె గద."

షాహీన్ నాలాగా సణిగేది కాదు. ఒకరోజు వదిన బూట్లు ఇంటికి తీసుకుపోయి, లేసులు పీకేసి, లంగాలకు వేసే ఎలాస్టిక్ కుట్టి తెచ్చింది. అప్పటి నుంచి తీయడం, తొడగడం రెప్పపాటు పని అయింది. దానికి నేను సంతోషించేలోపే వదిన, మేం ఇన్నాళ్ళూ దాటిపోతున్న ఒక చిన్న నాగదేవత రాయిని కూడా కలుపుకుంది. "ఇప్పుడు అలక అయితుంది గద," అంది. అలక అంటే తేలిక.

అలుపు వచ్చినప్పుడు ఒక మాట అనేది. "కాళ్ళు నాయి, దమ్ము నర్సింహసామిది." ఎదురుగాలిలో, రొప్పుతూ, ఒక్కో ముక్కా విడగొట్టి అనేది. నాకు దేవుడి మీద ఆమెకున్నంత గురి లేదు. కానీ ఆ మాట వింటూ ఉరికితే నా కాళ్ళు కూడా ఆగేవి కావు. ఇది నేను ఆమెకు ఎన్నడూ చెప్పలేదు, చెబితే ఇంకో గుడి కలిపేది.

లడఖ్ సంగతి పొట్లాల కాగితం మీద వచ్చింది. దుకాణంలో ఎండుమిర్చి కట్టడానికి పాత పేపరు చింపుతుంటే, మంచు కొండల మధ్య జనం ఉరుకుతున్న బొమ్మ కనబడిందట. మిర్చి పక్కన పెట్టి ఆ ముక్క పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఇదేడ పిల్లా?"

"లడఖ్. మస్తు దూరం. అక్కడ గాలే సరిగ ఉండదు వదినా, నిలబడితేనే దమ్మొస్తది."

"మన గుట్ట కంటె ఎత్తా?"

"మన గుట్టలు పది తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టినా అందదు."

"ఇంతకంటె ఎత్తుల ఉరికేది మన దేశంల ఇంకేడన్న ఉన్నదా?"

పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పని చెడుతోందన్న విసుగులో "లేదు" అనేశాను. వదిన ఆ ముక్క మడిచి జాకెట్లో పెట్టుకుంది. "ఇగ అదే," అంది. అంతే, నిర్ణయం అయిపోయింది.

ఏడాదిన్నర తయారయ్యాం. ఆదివారాలు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెట్ల కింద దూరాలు ఉరికాం. ఊళ్ళో జరిగే సగం మారథాన్ ఒకటి పూర్తి చేశాం, వదిన మా అందరికంటే వెనక వచ్చింది, అందరికంటే తాజాగా వచ్చింది. రంజాన్ నెలలో షాహీన్ ఉపవాసం ఉండి కూడా మాతో వచ్చి మెల్లగా నడిచేది. ఆ నెలంతా వదిన ఆమె ముందు నీళ్ళ సీసా బయటికి తీయలేదు. నన్నూ తీయనివ్వలేదు. నాకు గొంతు ఎండిపోయేది, అయినా నోరెత్తితే వదిన చూపు ఒకటి పడేది.

రెండు వేల పన్నెండు సెప్టెంబరులో బయలుదేరాం. పొద్దంతా విమానాల మోత కింద బతికిన వదిన విమానాశ్రయం గాజు తలుపుల లోపలికి పోవడం అదే మొదలు. తనిఖీ దగ్గర బూట్లు విప్పమన్నారు. వదిన విప్పింది. విప్పీ విప్పగానే, అలవాటు కొద్దీ, రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. ఎదురుగా ఉన్న పోలీసు అమ్మాయి బిత్తరపోయి తనూ చేతులు జోడించింది. వెనక వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. వదిన కూడా నవ్వింది. "ఏమో పిల్లా, బూట్లిప్పితె చేతులు వాటంతటవే పైకి లేస్తయి," అంది.

ఢిల్లీలో మారి లేహ్‌లో దిగాం. దిగిన పూట నాకు తల పగిలిపోయింది. షాహీన్‌కు వాంతులు. వదినకు ఏమీ కాలేదు. మాకిద్దరికీ చారు కాచి పోసి, మేం దిగిన ఇంటి యజమానురాలితో సైగలతోనే స్నేహం చేసి, ఊరంతా తిరిగి వచ్చింది. అక్కడ అడుగడుగునా తెల్లటి స్తూపాలు ఉంటాయి. ప్రతి దాని దగ్గరా బూట్లు విప్పింది.

"ఇవి మన దేవుళ్ళు కాదు వదినా," అన్నాను.

"ఎవరి దేవుడైతే ఏంది, గింత సలిల నిలబడ్డడు. దండం పెడితె ఏం పోతది?"

అక్కడి వైద్యులు అందరికీ ఒకటే చెప్పారు. నీళ్ళు తాగండి, దాహం కాకపోయినా తాగండి, ఆ ఎత్తులో ఒంట్లో నీళ్ళు తెలియకుండానే ఆరిపోతాయి. పరుగు ఆదివారం. అంటే ముందు రోజు శనివారం. నాకు భయం అక్కడే మొదలైంది. శనివారం వదినకు ఒక్కపొద్దు. పొద్దుగూకి దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టదు. శంషాబాద్‌లో ఎన్ని శనివారాలు ఉన్నా ఏం కాలేదు. ఇక్కడ సంగతి వేరు.

శుక్రవారమే కూర్చోబెట్టి అడిగాను. "వదినా, రేపు వద్దు. ఒక్క శనివారం."

షాహీన్ కూడా బతిమాలింది. "మాలో ప్రయాణంల ఉన్నోళ్ళకు రోజా మాఫీ ఉంటది అక్కా. తర్వాత ఉండొచ్చు. మీ దేవుడు మాఫీ ఇయ్యడా?"

"ఇస్తడు. అడగాలంటె నాకే సిగ్గు," అంది వదిన. మళ్ళీ తనే, "సరె, తాగుత తియ్యిండి," అంది.

తాగుతానన్న మనిషి తాగుతుందని నమ్మాం. శనివారం పొద్దంతా ఆమె సీసా ఖాళీ అవుతూనే ఉంది. నేను నింపి ఇస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం ఇంటావిడ నవ్వుతూ షాహీన్‌తో హిందీలో ఏదో అంది. షాహీన్ మొహం మాడిపోయింది. "ఏమంటుంది?" అని అడిగాను. "మీ అక్క మా ఆప్రికాట్ చెట్టును మస్తు మంచిగ చూసుకుంటుంది, పొద్దుగాల నుంచి నీళ్ళు పోస్తనే ఉంది అంటుంది," అంది షాహీన్.

నాకు అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ అలాగే ఉంది. కేకలు వేశాను. వదిన మంచం మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "ఆయనకు మాటిచ్చిన పరుగు పిల్లా. ముందు రోజే ఆయన ఒక్కపొద్దు ఇడిచిపెట్టి, రేపు ఏ మొఖం పెట్టుకుని ఉరకాలె?" దీపం పెట్టేదాకా తాగదట. అప్పటికే ఆమె పెదవులు తెల్లబడి ఉన్నాయి.

పరుగు నంబర్లు ఆ సాయంత్రమే ఒక డేరాలో ఇస్తున్నారు. నంబరు తీసుకునే ముందు డాక్టరు చూడాలి. వేలికి చిన్న క్లిప్పు పెట్టి, బీపీ చూసి, సంతకం పెడితేనే నంబరు. నాకూ షాహీన్‌కూ పెట్టాడు. వదిన వేలికి క్లిప్పు పెట్టి ఆ కుర్ర డాక్టరు రెండోసారి చూశాడు, మూడోసారి చూశాడు. వదిన కుర్చీలోంచి లేవబోయి ఒక పక్కకు తూలింది.

"మాజీ, పానీ పియా?" అని అడిగాడు, అమ్మా, నీళ్ళు తాగారా అని.

అబద్ధం చెప్పవచ్చు. చెట్టుకు పోసిన నీళ్ళు తాగినట్టు మమ్మల్ని నమ్మించింది కదా, ఆయన్నీ నమ్మించవచ్చు. కానీ సూటిగా అడిగితే మా వదినకు నోట అబద్ధం రాదు. "ఒక్కపొద్దున్న సారూ," అంది తెలుగులోనే. డాక్టరుకు అర్థం కాలేదు. నేను హిందీలో మాట వెతుక్కుంటుండగా షాహీన్ ముందుకొచ్చింది. "రోజా హై డాక్టర్ సాబ్. ఇన్‌కా రోజా హై," అంది.

ఆయనకు వెంటనే అర్థమైంది. పెన్ను కింద పెట్టేశాడు. ఈ స్థితిలో రేపు పరుగు కుదరదన్నాడు. కొంచెం దూరమైనా అని నేను, సగమైనా అని షాహీన్ ఎంత అడిగినా వినలేదు. ఆయన మంచివాడే, ఆయన పని ఆయన చేశాడు. అదే నాకు ఇంకా మంట. ఎవరినైనా తిట్టుకుందామంటే తిట్టుకోవడానికి ఒక్క చెడ్డమనిషి కూడా లేకుండా పోయాడు. ఏడాదిన్నర కష్టం, రెండు విమానాలు, అన్నను ఒప్పించడానికి పడ్డ తంటా, అంతా ఒక చెట్టు మొదట్లోకి పోయింది. నేను డేరాలోనే అరిచాను.

"అరువకు," అంది వదిన. "మాటిచ్చింది నేను, తప్పింది నేను. నువ్వెందుకు అరుస్తవు?"

ఆ సాయంత్రం దీపం పెట్టి, కడుపు నిండా నీళ్ళు తాగి పడుకుంది.

తెల్లారి మేమిద్దరం ఉరికాం. ఉరికాం అనడం కంటే ఈడ్చుకుపోయాం అనడం నిజం. పది అడుగులు వేస్తే గుండె నోట్లోకి వచ్చేది. సగం దూరం దాటాక ఒక మలుపులో నీళ్ళ బల్ల కనబడింది. బల్ల వెనక వదిన. నిర్వాహకులు ఇచ్చిన రంగు టోపీ ఒకటి పెట్టుకుని, వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ గ్లాసులు అందిస్తోంది. సైనికులకు, విదేశీయులకు, లడఖీ పిల్లలకు, అందరికీ తెలుగులోనే చెబుతోంది. "తాగు బిడ్డా. మొత్తం తాగు. పారబొయ్యకు."

నన్ను చూసి గ్లాసు అందించింది. "నీ మొఖం చూడు ఎట్లున్నదో. తాగు."

"నువ్వు చెప్తున్నవా వదినా నాకు?" అన్నాను. ఊపిరి అందకపోయినా ఆ మాట అనడానికి మాత్రం అందింది.

"నేనే చెప్తున్న. తాగకపోతె ఏమైతదో నాకంటె ఎవరికి ఎరుక?"

తాగాను. కోపంగానే తాగాను. ముగింపు గీత దాటినప్పుడు మెడలో వాళ్ళు వేసిన పతకం చూసుకుంటే నాకు సంతోషం అనిపించలేదు. ఆ పతకం తెచ్చి వదిన చేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇది నీ ఉరుకుడుది. నాది బాకీ ఉన్నది," అంది.

అక్కడి నుంచి "వచ్చే ఏడు" మొదలైంది. మరుసటి ఏడు అన్నకు హెర్నియా ఆపరేషన్ అయింది, వదిన కదలలేదు. మంచం పక్కన కూర్చుని ఆయన కాళ్ళు పట్టి, ఖాళీ దొరికినప్పుడు ఇంటి మెట్లు ఎక్కడం దిగడం చేసేది. ఈ ఏడు అన్నీ కుదిరాయి. టికెట్లు చేశాం. వదిన మునుపటి కంటే బాగా ఉరుకుతోంది. జ్వరానికి కొద్ది రోజుల ముందు గుట్టకు పోయి వచ్చి, దుకాణం ముందు బస్సు దిగుతూనే నాకు చెప్పింది.

"అడిగిన పిల్లా. మాఫీ అడిగిన. ఈసారి శనివారం నీళ్ళు తాగుత సామీ, ఏమనుకోకు అన్న."

"ఏమన్నడు?"

"ఏమంటడు? పువ్వు కుడిదిక్కు పడ్డది," అంది, చిన్నపిల్లలాగా నవ్వుతూ. స్వామి భుజం మీది పువ్వు కుడివైపు రాలితే సరేనన్నట్టు.

చూశారా, ఇక్కడే నా పేచీ. ఆమె పట్టుదలే అడ్డం వచ్చిందని రెండేళ్ళు సణిగాను. ఆ పట్టుదల విడిచిపెట్టి, సిగ్గు విడిచిపెట్టి, దేవుడి దగ్గర ఒప్పించుకుని వచ్చింది. వచ్చిన తరువాత దోమ కుట్టింది. నర్సింహస్వామితో నాకు చనువు లేదు గానీ, ఉంటే ఈ లెక్క ఏమిటని నిలదీసి అడిగేదాన్ని. నాకు వదిన కావాలి. పోచమ్మ దగ్గర ఆగి, నన్ను ఆపి, నా ఒళ్ళు చల్లబరిచే వదిన కావాలి. ఆమె దగ్గర విసుక్కున్నంత హాయిగా నేను ఇంకెవరి దగ్గరా విసుక్కోలేదు. నాకు ఉరకడం నేర్పింది, అంతకంటే ఎక్కువగా ఒకరి కోసం ఆగడం నేర్పింది. ఆ రుణం ఆమె ఉండగా ఒక్క మంచి మాటగానైనా చెప్పనివ్వలేదు, చెప్పబోతే పనేదో పురమాయించేది.

పదకొండో రోజు కార్యం అయ్యాక పెద్దవాళ్ళు మొక్కు సంగతి ఎత్తారు. మా వైపు పోయినవాళ్ళ మొక్కు మిగిలితే ఇంట్లోవాళ్ళు తీర్చాలి. తీర్చకపోతే పోయిన మనిషికి నెమ్మది ఉండదంటారు. కానీ ఇలాంటి మొక్కు అక్కడ ఎవరూ వినలేదు. పంతులు ఒక దారి చెప్పాడు.

"కాళ్ళ మొక్కే గద. వెండి పాదాలు చేపిచ్చి గుట్ట మీద హుండీల ఎయ్యిండి. సరిపోతది."

అందరూ తలలూపారు. హమ్మయ్య, తేలిపోయిందన్నట్టు ఒకరిద్దరు లేచారు కూడా. నాకు ఒళ్ళు మండింది. నోరు తెరవబోయాను. అంతలో గోడకు ఆనుకుని, గుండు తల మీద తువ్వాల కప్పుకుని కూర్చున్న మా అన్న మాట్లాడాడు. ఆ పదకొండు రోజుల్లో ఆయన నోట పూర్తి మాట రావడం అదే మొదలు.

"ఆమె వెండి పాదాలు ఇస్త అనలేదు పంతులూ. ఉరుకుత అన్నది."

"అయితె ఏందిరా? ఇప్పుడు నువ్వు ఉరుకుతవా?" అన్నాడు మా పెద్దబాపు, మా నాన్నకు అన్న. ఆయన వెటకారానికి అనలేదు, నిజంగానే అడిగాడు. 

మరునాడు తెల్లవారుతుండగా నేనూ షాహీనూ సర్వీసు రోడ్డు మీదికి పోయాం. వదిన పోయాక అదే మొదటిసారి. ఎందుకు పోయామో తెలియదు, ఇంట్లో ఉండలేక పోయాం. మలుపు దగ్గర మా అన్న నిలబడి ఉన్నాడు. దుకాణానికి వేసుకునే నల్ల ప్యాంటు, బనియను, కాళ్ళకు తోలు చెప్పులు. భారీ మనిషి. బజారుకు కూడా బండి మీదే పోతాడు.

"అన్నా, ఏడికి?" అన్నాను.

"నడువుండి," అన్నాడు. అని, మాకంటే ముందు తనే మొదలుపెట్టాడు.

చెప్పులు టపటపమంటూ, పొట్ట ఊగుతూ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అటూ ఇటూ విసురుతూ ఉరికాడు. మేం ఆయన వెనకే పోయాం. పోచమ్మ గుడి దాకా కూడా పోలేదు. ఆగిపోయి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. ఈల వేసినట్టు ఊపిరి వస్తోంది. షాహీన్ భయపడి దగ్గరికి పోయింది. ఆయన చెయ్యి ఊపి వద్దన్నాడు. 

"రోజు గింత దూరం ఉరుకుతుండెనా ఆమె?" అన్నాడు.

"ఇంతకు ఎన్నో ఇంతలు భయ్యా," అంది షాహీన్.

"నాకు ఒక్కనాడన్న చెప్పలే."

ప్రతి పొద్దునా చాయ్ గ్లాసు ఆయన చేతికిస్తూ, ఈ రోజు ఎంత దూరం పోయాం, ఎక్కడ అలుపొచ్చింది, ఎక్కడ గాలి బాగుంది అని వదిన పూసగుచ్చినట్టు చెప్పడం నేను చూశాను. ఆయన చాయ్ ఊదుకుంటూ ఊ కొట్టడమూ చూశాను.

"రోజు చెప్పింది అన్నా," అన్నాను.

అన్న తల ఎత్తలేదు. ఆయన చెమట రోడ్డు మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది, చెమటో మరొకటో నేను వంగి చూడలేదు. కాసేపటికి బనియను అంచుతో మొహం తుడుచుకున్నాడు. చెప్పులు రెండూ విప్పి రోడ్డు పక్కన పెట్టాడు. జారుతున్న ప్యాంటును ఒక చేత్తో నడుము దగ్గర పట్టుకుని, మమ్మల్ని చూడకుండా, వట్టి కాళ్ళతో మళ్ళీ ఉరకడం మొదలుపెట్టాడు.